గాజు తొట్టిలోని చేప - గృహస్థుని అహింస

పంజరములో చిలుకను పెంచుట తగదని జైన గృహములలో పసిపిల్లలకు సయితము తెలియును. కబేళాకు పోవు పశువును వెల ఇచ్చి విడిపించి పింజరాపోలునకు పంపుట, పర్యుషణ దినములలో పక్షులవాని గూళ్ళు కొని పిట్టలను ఆకాశమునకు వదలుట పెద్దల నాటినుండి వచ్చుచున్న ఆచారములు. ఇట్టి సంప్రదాయము గల కుటుంబములలో కూడ నేడు అక్కడక్కడ, ముందుగదిలో గోడవారగా, నీలి దీపముల క్రింద, సముద్రపు నీటితో నిండిన గాజు తొట్టి కనబడుచున్నది. అందులో రాళ్ళ సందులనుండి ఒక చిన్న ఎఱ్ఱని చేప వెలికి వచ్చి, నలుదెసలు చూచి, మరల సందులోనికి దూరును. ఇంటికి వచ్చిన బంధువులు ఎంత అందముగా నున్నదో అని మెచ్చుకొందురు. దానిని పంజరమని ఎవరును అనరు.

చిలుకకు ఇనుప చువ్వలు పంజరమైనప్పుడు చేపకు గాజు పలక ఏమగును? రెంటికిని భేదము లేనిచో ఇంట ఉంచుకొనుట ఎట్లు తగును? భేదమున్నచో అది ఏది? ఈ ప్రశ్నను వాదముకొరకు గాక ఆచరణకొరకు విచారించుట అవసరము. ఏలయన ఇట్టి చేపను కోరువారు క్రూరులు కారు. పలువురు ప్రాణులయందు ప్రీతి గలవారే. ప్రీతితో చేసిన పని కూడ హింస కాగలదా అనునదే ఇందలి ధర్మసూక్ష్మము.

చేప ఎట్టిది

సముద్రములో ఏంజెల్ చేపలని పిలువబడు కుటుంబమొకటి కలదు. అందులో పెద్ద జాతులు అడుగు పొడవు దాటి పెరుగును. సెంట్రోపైగీ అను ప్రజాతిలోని చిన్నవాటికి మరుగుజ్జు ఏంజెల్ చేపలని పేరు. వీటిలో చాల జాతులు నాలుగైదు అంగుళములకు మించవు. ఇండ్లలోని తొట్లకు ఇవి ప్రీతిపాత్రములగుటకు ఈ పొట్టితనమే ఒక కారణము. వీటిలో మిక్కిలి పేరుపొందినది ఫ్లేమ్ ఏంజెల్. నిప్పు వంటి ఎఱుపు, ప్రక్కలపై నిలువుగా నల్లని చారలు, వెనుక రెక్కల అంచున నీలి ఊదా గీతలు దీని గుర్తులు. 1874లో గుంతర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి పేరు పెట్టెను. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి, మార్షల్ ద్వీపములు, కిరిబాటి దేశములోని క్రిస్మస్ ద్వీపము మొదలగునవి దీని నివాసములు.

పగడపు దిబ్బలపై ఒక మగచేప, దానితో కొన్ని ఆడచేపలు కలిసి, కొన్ని గజముల మేర చోటును తమదిగా చేసికొని బ్రతుకును. ఈ చేపలన్నియు ముందు ఆడవిగానే పెరుగును. మగచేప చనిపోయినప్పుడు ఆడవాటిలో పెద్దది కొన్ని వారములలో మగదిగా మారి ఆ కుటుంబమును చూచుకొనును. సూర్యుడు క్రుంకు వేళ జంటగా పైకి లేచి గ్రుడ్లు విడుచును. పగలెల్ల రాళ్ళపై పాచిని గిల్లి తినుచు, అపాయము తోచగానే చీకటి సందులోనికి పోవుచు తిరుగును. ఒక్క చోట నిలువదు. ఆ చోటిలోని ప్రతి బొరియయు దానికి తెలిసినదే.

జైన శాస్త్రము చేపను జలచరములలో, పంచేంద్రియ తిర్యంచములలో చేర్చినది. స్పర్శ, రుచి, వాసన, చూపు, వినికిడి అను ఐదింటిని గల జీవమది. 2003లో బ్రిటనులో ట్రౌట్ చేపలపై జరిగిన పరిశోధనలో, బాధను గ్రహించు నాడులు వాటి ముఖభాగమున ఉన్నట్లు తేలినది. జైన గృహస్థునకు ఇది క్రొత్త సంగతి కాదు. చేపకు బాధ కలుగునా అని అతడు సందేహింపడు. అతడు సందేహింపవలసినది తన నడవడిని గూర్చియే.

ఇంటికి వచ్చిన దారి

సరుకు ధర అనగా అమ్మకపు చీటీపై వ్రాసిన అంకె మాత్రమే కాదని ప్రతి వర్తకునకు తెలియును. కొన్నచోటి వెల, కూలి, రవాణా, తరుగు, దళారీ అన్నియు కలిపిననే అసలు ధర తేలును. నూరు మామిడిపండ్లు బండికి ఎక్కించి ఎనుబది దింపుకొన్నచో, కుళ్ళిన ఇరువది పండ్ల వెల మిగిలిన ఎనుబదిపై పడును. పండ్ల విషయమున ఇంత జాగ్రత్తగా లెక్క వ్రాయువాడు ప్రాణముల విషయమున చిట్టా మూసివేయుట న్యాయము కాదు.

ఫ్లేమ్ ఏంజెల్ దారిని చూడుడు. క్రిస్మస్ ద్వీపమున ఈతగాడు నీట మునిగి, పగడముల నడుమ వల పన్ని, చేపను చేతి వలలోనికి తోలును. లోతునుండి పైకి తెచ్చునప్పుడు చేప పొట్టలోని గాలితిత్తి ఉబ్బును. మెల్లగా తేనిచో అది ప్రాణాపాయము. త్వరపడువారు సూదితో పొడిచి ఆ గాలిని తీయుటయు కలదు. తరువాత ప్రయాణమునకు ముందు ఒకటి రెండు దినములు తిండి పెట్టరు. తిన్నచో సంచిలోని నీటిని మురికి చేయునని భయము. అటుపిమ్మట కొంచెము నీరు, మిగిలినది ప్రాణవాయువు నింపిన పాలిథీను సంచిలో ఒంటరిగా మూటకట్టి, పెట్టెలో సర్ది, విమానమెక్కింతురు. పెద్ద వ్యాపారి, చిన్న వ్యాపారి, దుకాణము, ఇల్లు. చేయి మారిన ప్రతిసారి నీరు మారును, వెలుతురు మారును, వేడి మారును. కొన్ని దారిలో చచ్చుననుట ఆ వ్యాపారము చేయువారెవరును కాదనని మాట. ఇంటికి చేరిన చేప బ్రతికి వచ్చిన ఎనుబదిలో ఒకటి. దాని చీటీపై చచ్చినవాటి లెక్క కూడ కలదు.

కిరిబాటి ఈతగాండ్రు వలతో పట్టుదురు గనుక ఇది కొంత మేలు. ఫిలిప్పీన్స్ దేశములో 1960 దశకములో వేరొక పద్ధతి మొదలయ్యెను. సోడియం సయనైడు విషమును సీసాలో కలిపి పగడముల సందులలో చిమ్ముదురు. ఆ విషము దేహకణములు ప్రాణవాయువును వాడుకొనలేకుండ చేయును. చేప తూలి పడును. అప్పుడు దానిని చేతితో తీసికొందురు. తీసికొనిన చేపలలో కొన్ని కొన్నాళ్ళకు చచ్చును, విషము తగిలిన పగడములు అక్కడనే చచ్చును. ఈ పద్ధతి ఇండోనీషియాకు కూడ ప్రాకెను. చట్టములు నిషేధించినను పూర్తిగా మాయము కాలేదు. కోరల్ బ్యూటీ మొదలగు ఇతర మరుగుజ్జు ఏంజెల్ జాతులు ఈ దేశములనుండి విరివిగా వచ్చును. దుకాణములోని తొట్టిలో నిలిచిన చేపను చూచి, దానిని వలతో పట్టిరో, విషముతో పట్టిరో కొనువాడు చెప్పలేడు.

"నేను పట్టలేదు, ఎవరినీ పట్టుమనలేదు. దుకాణములో ఉన్నదానిని కొంటిని" అని కొందరు సమాధానము చెప్పుకొందురు. కాని వర్తకుని ముందు ఈ మాట నిలువదు. అరలో ఒక సరుకు అమ్ముడుపోగానే మరునాడు దానిని తెప్పించుట దుకాణపు ధర్మము. వినియోగదారుని కొనుగోలే తరువాతి సరుకునకు ఆర్డరు. స్వయముగా చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని ఆమోదించుట అని శాస్త్రము మూడు త్రోవలు చెప్పినది. గాజు ముందు నిలిచి రూపాయలు లెక్కపెట్టినవాడు మొదటి త్రోవలో లేకున్నను రెండవ, మూడవ త్రోవలను తప్పించుకొనలేడు. పిట్టలను కొని వదలు ఆచారములో సయితము ఈ దోషమును ఇప్పుడు పలువురు గుర్తించిరి. వదలువారున్నారని తెలిసి పట్టువారు పుట్టుకొచ్చిరి. పుణ్యముకొరకు చేసిన కొనుగోలుకే ఈ గతి పట్టగా, వేడుకకొరకు చేసిన కొనుగోలు మాట చెప్పనేల?

బంధమనగా నేమి

గృహస్థుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున చెప్పిరి. వాటిలో మొదటిది బంధము, అనగా ప్రాణిని కట్టివేయుట. కొట్టుట, అవయవములను ఛేదించుట, మోయలేని బరువు వేయుట, తిండి నీళ్ళు ఆపుట మిగిలినవి. ఇవి ముఖ్యముగా ఇంటి పశువులను ఉద్దేశించినట్లు కనబడినను, వీటి భావము ఏ ప్రాణికైనను వర్తించును. పైన చెప్పిన దారిలో సూది పోటు, ఖాళీ కడుపు, సంచి మూట కనబడినవి. అవి ఇతరుల చేతులలో జరిగిన పనులు. ఇంటిలో నిలిచియుండునది బంధము.

బంధమును గూర్చి శ్రావకాచార గ్రంథములలో చక్కని వివరణ కలదు. గృహస్థునకు ఆవు, ఎద్దు తప్పవు గనుక కట్టుట సర్వదా నిషిద్ధము కాదు. అయితే నిష్కారణముగా కట్టరాదు. కట్టినను ముడి వదులుగా ఉండవలెను. ఇంటికి నిప్పంటుకొన్నచో పశువు త్రాడు విడిపించుకొని పారిపోగలుగవలెను. కట్టకుండ ఉంచదగిన ప్రాణులనే ఉంచుకొనుట అన్నిటికంటె మేలు. పల్లెలో పశువుల కొట్టము చూచినవారికి ఈ మాటలోని దయ వెంటనే అర్థమగును.

ఇప్పుడు ఈ కొలతను గాజు తొట్టికి పెట్టి చూడవలెను. సముద్రపు చేప దేహములోని నీరు చుట్టునున్న ఉప్పునీటిలోనికి సదా జారిపోవుచుండును. అందుచేత అది ఎల్లప్పుడు నీరు త్రాగుచు, ఎక్కువైన ఉప్పును మొప్పలగుండ వెలివేయుచుండును. నీటిలో ఉప్పు వెయ్యింటికి 35 పాళ్ళ దగ్గర ఉండవలెను. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలువవలెను. చెన్నపట్నము, బళ్ళారి, షోలాపురము వంటి ఊళ్ళలో వేసవిలో నీటిని చల్లార్చు యంత్రము లేక ఇది సాధ్యము కాదు. చేప విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని హానిలేని రూపమునకు మార్చు సూక్ష్మజీవులు రాళ్ళపై నిలద్రొక్కుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఇంత ఏర్పాటు విద్యుత్తుపై ఆధారపడియున్నది. ఒక వేసవి రాత్రి కరెంటు పోయి, ఇంటివారు తీర్థయాత్రలో ఉన్నచో, నీటిలో ప్రాణవాయువు తగ్గును, వేడి పెరుగును. ఆ చేప ఎక్కడికి పోవును? నిప్పంటుకొన్న కొట్టములో ఎద్దుకు వదులు ముడి కలదు. తొట్టికి ముడి లేదు, విప్పుటకు వీలులేదు. గాజు పగిలి బయటపడినను దానికి మృత్యువే. పంజరపు తలుపు తెరచిన చిలుక ఎగురును. కట్లలోకెల్ల బిగువైన కట్టు ఇదియే.

ఒంటరితనము మరియొక సంగతి. కుటుంబముగా బ్రతుకు ఈ చేపను ఇంటిలో చాలవరకు ఒక్కదానినే ఉంచుదురు. చిన్న తొట్టిలో రెండవదానిని వేసినచో తన చోటికొరకు పోరాడి బలహీనమైనదానిని చంపుట కలదు. కొన్ని గజముల దిబ్బపై తిరుగు జీవమునకు 250 లీటర్ల తొట్టి పెద్దదని తెలిసినవారు చెప్పుదురు. మనిషి ముందుగదికి అది పెద్దది. చేపకు అది నాలుగు ఈదులు.

తిండి చిక్కు

గడ్డి మేయు పశువును సాకుటలో జైనునకు చిక్కు లేదు. ఈ చేప పాచి తినును గనుక ఇదియు శాకాహారియే గదా అని కొందరు సంతోషింతురు. ఇది సగము నిజము. పాచితోపాటు రాళ్ళపైని సూక్ష్మ జంతువులను కూడ అది ఏరుకొని తినును. తొట్టిలో ఆరోగ్యముగా ఉండుటకు నోరి అను సముద్రపు పాచి రేకులు, స్పిరులినాతోపాటు, గడ్డకట్టించిన మైసిస్, ఆర్టీమియా అను చిన్న రొయ్యలను కూడ పెట్టవలెనని పెంపకము తెలిసినవారు చెప్పుదురు. ఒక్క చిటికెలో అట్టివి పదులకొలది ఉండును. త్రసజీవములను బుద్ధిపూర్వకముగా చంపనని వ్రతము పట్టిన ఇంట, శీతల పెట్టెలో పాలగిన్నె ప్రక్కన, ఈ పొట్లము ఉండును. పాచి తిండి అని పైన వ్రాసిన గుళికలలో కూడ చేపపిండి కలియుట సాధారణము. బిస్కెట్టు పొట్లముపై గుడ్డు కలదా, ఉల్లి కలదా అని చదువు గృహిణి ఈ డబ్బాను కూడ చదువవలెను.

రొయ్యలను మాని పాచి మాత్రమే పెట్టినచో చేప సరిగా పోషింపబడక క్షీణింపవచ్చును. అది అన్నపాన నిరోధమునకు దగ్గరి దోషము. పెట్టిన హింస, పెట్టకున్న హింస. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సముద్రములో ఆ చేప ఏమి తినినను అది దాని జన్మ స్వభావము, దాని లెక్క మనుష్యుని ఖాతాలో పడదు. ఇంటికి తెచ్చిన క్షణమునుండి దాని ప్రతి ముద్దయు గృహస్థుని ఖాతాలో ఖర్చు వ్రాయబడును. పర్యుషణములో ఇంటివారందరు ఉపవాసముండి తొట్టికి కూడ తిండి ఆపినచో, పసిపిల్ల "తాతా, ఉపవాసము నీకు గదా, చేపకెందుకు?" అని అడుగును. ఆ పిల్ల అడిగినది న్యాయమే. ఉపవాసము తెలిసి పట్టినవానికే తపస్సు. తెలియని ప్రాణికి అది ఆకలి.

తొట్టిలో పగడములు పెంచువారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. ఆగమములలో పగడము పృథ్వీకాయములలో లెక్కింపబడినది. నేటి జీవశాస్త్రము ప్రకారము పగడమును కట్టునది నోరు, పొట్ట గల చిన్న జంతువు. ఏ లెక్కన చూచినను అది సజీవమే. భారతదేశములో 2001నుండి దిబ్బలు కట్టు పగడములకు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలు రక్షణ కలదు. కావున సజీవ పగడమును ఇంట ఉంచుకొనుట ధర్మమునకే గాక చట్టమునకును విరుద్ధము. పైగా మరుగుజ్జు ఏంజెల్ కొన్ని పగడములను, పెద్ద ఆల్చిప్పల మెత్తని అంచులను గిల్లుట కలదు. చేపకొరకు పగడమును, పగడముకొరకు చేపను బాధపెట్టుకొనుచు ఉండవలసి వచ్చును.

వదలివేయవచ్చునా

ఇది విన్న దయాళువునకు మొదట తోచు ఉపాయము అభయదానము. 1583లో హీరవిజయసూరి ఫతేపూర్ సీక్రీకి వచ్చినప్పుడు ఆయన బోధచే అక్బరు పాదుషా పంజరములలోని పక్షులను విడిపించెననియు, అక్కడి పెద్ద చెరువులో చేపలు పట్టుటను మాన్పించెననియు చరిత్ర చెప్పుచున్నది. అదే రీతిగా తొట్టి చేపను సంచిలో పోసి చెన్నపట్నపు తీరముననో, యానాము వద్ద గోదావరి పాయలోనో వదలిన పుణ్యము కాదా?

కాదు. గోదావరి పాయలోని మంచినీటి కలయిక దాని దేహమునకు విషతుల్యము. ఇసుక తీరమున దానికి దాగుటకు సందు లేదు, తినుటకు దిబ్బపై పాచి లేదు. పసిఫిక్ దిబ్బల చేపకు బంగాళాఖాతపు తీరము పరదేశము. ఒకవేళ బ్రతికినచో హాని వేరొక రూపమున వచ్చును. పసిఫిక్ ప్రాంతపు లయన్ చేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున మొదట కనబడెను. ఇండ్ల తొట్లనుండి వదలినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. తరువాత అది కరీబియన్ సముద్రమంతయు వ్యాపించి అక్కడి చిన్న చేపలను విశేషముగా తినివేయుచున్నది. ఆంధ్ర, తెలంగాణ నీళ్ళలో జాలరుల వలలు చించుచున్న దయ్యపు చేప కూడ తొట్లకొరకు తెచ్చిన దక్షిణ అమెరికా జాతియే. వదలినవాని మనస్సులో దయయే ఉండవచ్చును. ఫలము మాత్రము దయను బట్టి రాలేదు.

కావున ఈ చేప విషయమున పంజరపు తలుపు తీయుట అను పాత మార్గము మూసికొనిపోయినది. పట్టిన దిబ్బకు దానిని చేర్చుట ఎవరికిని సాధ్యము కాదు. కొన్న దినముననే ఆ గృహస్థుడు దాని జీవితకాలమంతటికి పూచీ పడినాడు. చక్కగా చూచుకొన్నచో అది ఐదేండ్లకు పైగా బ్రతుకును. ఆ కాలమంతయు తొట్టి చేపను బంధించినట్లే చేప ఆ ఇంటిని బంధించును. పెండ్లికి పోయినను, శిఖర్జీకి పోయినను, వెనుక ఎవరో ఒకరు నీళ్ళు చూడవలెను.

కొన్ని ఆక్షేపణలు

సముద్రము మాత్రము చేపకు క్షేమమా అని అడుగువారు కలరు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. 2015, 2016 సంవత్సరములలో ఎల్ నినో వేడిచే క్రిస్మస్ ద్వీపము చుట్టునున్న పగడములలో అత్యధిక భాగము నశించెను. అయితే ఇల్లు తగులబడిన ఊరినుండి ఒక బిడ్డను ఎత్తుకొని వచ్చి వేడుకకు ఉంచుకొనుట రక్షణ కాదు. దిబ్బ పాడైనప్పుడు మిగిలిన చేపలను పట్టి ఎగుమతి చేయుట దిబ్బకు మేలు చేయదు. ఒక మగచేప పోయిన ఆడచేప మగదిగా మారి లోటు తీర్చునను మాటయు ఇట్టిదే. జాతికి లోటు తీరవచ్చును. సంచిలో చచ్చిన జీవమునకు తీరదు. జైన ధర్మము జీవులను ఒక్కొక్కటిగా లెక్కించును.

ఆ ద్వీపవాసుల జీవనము మాటేమి అనునది రెండవ ఆక్షేపణ. పంటభూమి తక్కువైన ఆ చిన్న దేశములో ఈతగాండ్రకు ఇది కూలి. వారిని నిందించుట అన్యాయము. తింటి లేనివాడు చేసిన పనికంటె, తిని కూర్చున్నవాడు వేడుకకు చేయించిన పనికి బాధ్యత ఎక్కువ. ఉద్యోగములో తప్పని హింస వేరు, వినోదమునకు కోరి తెచ్చుకొన్న హింస వేరు అని శాస్త్రము భేదము చూపినది.

తొట్లలోనే పుట్టించిన చేపను కొనవచ్చునా అనునది మూడవది. ఇది గట్టి ప్రశ్న. మరుగుజ్జు ఏంజెల్ గ్రుడ్డు మిల్లీమీటరుకంటె చిన్నది. పొదిగిన పిల్లకు కంటికి కనబడని సూక్ష్మ జంతువులే తిండి. అందుచేత చాలకాలము ఎవరును పెంచలేకపోయిరి. 2000 తరువాతి మొదటి ఏండ్లలో హవాయిలో ఈ ప్రయత్నము ఫలించెను. భారతదేశములో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల వంటి జాతులను తొట్లలో పుట్టించుటలో సిద్ధి పొందెను. ఇట్టి చేపను కొన్నచో దిబ్బనుండి పట్టించిన దోషము తప్పును. ఇది నిజముగా పెద్ద తగ్గింపు. కాని బంధము అట్లే నిలుచును, రొయ్యల పొట్లము అట్లే నిలుచును. అప్పులో సగము తీరినచో అప్పు తగ్గినదనవచ్చును, తీరినదనరాదు.

పిల్లలు ప్రకృతిని చూచి నేర్చుకొందురు గదా అనునది నాలుగవది. చూచుట మంచిదే. అండమానులలో గాజు అడుగు పడవ ఎక్కినచో పగడములను వాటి చోటనే చూడవచ్చును. ఐబ్లీ ఏంజెల్ అను మరుగుజ్జు జాతి ఆ సముద్రములోనే కలదు. అక్కడ చేప కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కనబడుట దాని ఇష్టము. పిల్లలకు ఆ సంగతి తెలియుట కూడ చదువే.

గృహస్థుని కర్తవ్యము

నేమినాథ స్వామి వివాహ యాత్రలో పోవుచు, విందుకొరకు దొడ్లలో బంధింపబడిన పశువుల ఆక్రందనము విని, రథము మరలించి గిరినారునకు పోయెను. ఆ కథ జైన బాలబాలికలందరికి తెలియును. పశువు అరచును గనుక వినబడినది. చేపకు మనుష్యుని చెవికి అందు అరుపు లేదు. గాజు వెనుక దాని మౌనమును ఇంటివారు సుఖమని భ్రమింతురు. రంగు వెలయుట, మొప్పలు వేగముగా ఆడుట, సందు విడిచి రాకుండుట, తిండిని ముట్టకుండుట, గాజు వెంబడి పైకి క్రిందికి ఒకే తీరున ఈదుట దాని అరుపులు. వాటిని వినవలసినది కన్నులతో.

ఈ విచారమునుండి తేలు కర్తవ్యములు కొన్ని. తొట్టి లేనివారు క్రొత్తగా పెట్టకుండుట మొదటిది. దుకాణపు తొట్టిలోని చేపపై జాలిపడి కొనుట కూడ ఆ అరను మరల నింపించుటయే. రెండవది వర్తకులకు సంబంధించినది. ప్రాణులతో వర్తకమును పెద్దలు శ్రావకునకు తగని వ్యాపారములలో చేర్చిరి. చెన్నపట్నములో కొళత్తూరు వంటి చోట్ల రంగు చేపల వ్యాపారము పెద్దదిగా పెరిగినది. లాభము ఎంత కనబడినను ఆ వ్యాపారమున పెట్టుబడి, భాగము, వడ్డీకి అప్పు జైన కుటుంబమునకు తగవు.

మూడవది ఇప్పటికే చేప ఉన్నవారికి. వారు దానిని వదలరాదు, పారవేయరాదు, విసుగుతో ఇతరులకు అమ్మరాదు. పింజరాపోలులోని కుంటి ఎద్దును చూచినట్లు చూడవలెను. చోటు చిన్నదైనచో పెద్దది చేయవలెను. దాగుటకు రాళ్ళు, బొరియలు ఏర్పరచవలెను. కరెంటు పోయినప్పుడు నడచు బ్యాటరీ గాలిపంపు తప్పక ఉండవలెను. ఊరికి పోవునప్పుడు పని తెలిసినవానిని నియమింపవలెను. తిండి విషయమున దానికి అవసరమైన మేర పెట్టి, ఆ దోషమును తనదిగా ఒప్పుకొని, ప్రతిక్రమణ వేళ స్మరింపవలెను. తాను చూడలేని స్థితి వచ్చినచో, చూడగలవానికి ఉచితముగా అప్పగింపవలెను. ఆ చేప ఆయువు తీరిన నాడు తొట్టిలో మరియొకదానిని వేయరాదు.

మమకారమే పరిగ్రహమని శాస్త్రము. బంగారము, భూమి, ఇల్లు విషయమున గృహస్థుడు పరిమాణ వ్రతము పట్టి, ఇంతకు మించి ఉంచుకొననని హద్దు వ్రాసికొనును. అందము విషయమున అట్టి హద్దు వ్రాసికొన్నవారు అరుదు. కంటికి నచ్చిన ప్రతిదియు ఇంటికి రావలెననుకొనుట కూడ ఒక సంగ్రహమే. పసిఫిక్ దిబ్బపై సాయంవేళ ఆ ఎఱ్ఱని చేప తన జంటతో పైకి లేచుటను ఈ సంచిక చదువువారిలో ఎవరును చూడకపోవచ్చును. చూడకున్నను అది అక్కడ ఉన్నదని తెలిసి సంతోషించుట గృహస్థునకు సాధ్యమైన పనియే. వచ్చు దీపావళికి క్రొత్త ఖాతాలు తెరచునప్పుడు, సొత్తుల పట్టికలో ఏ ప్రాణియు లేని ఇల్లు ఏది యని ప్రతి కుటుంబమును తన్ను తాను ప్రశ్నించుకొనును గాక.